గడియారం పోతే దొంగతనం, భూమి పోతే?

మా చిన్నాయిన కొడుకు 2024 బ్యాచ్ కానిస్టేబుల్. ట్రైనింగులో ఉన్నప్పుడు ఆదివారాలు ఫోన్ చేసేవాడు. ముందు తిండి గురించి, తర్వాత పరేడ్ గురించి చెప్పి, చివరికి ‘లా’ సబ్జెక్టు దగ్గరికి వచ్చేవాడు. వాడు డిగ్రీలో చదివింది బీకాం. ఇంట్లో ఇంజినీరింగ్ చేసినవాణ్ని, పుస్తకాల మీద అప్పుడప్పుడు ఏవో రాసేవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి నాకన్నీ తెలుసని వాడి నమ్మకం. “అన్నా, సివిల్ కేసుకు క్రిమినల్ కేసుకు తేడా ఏందో అయిదు మార్కులకు రాయాలె. సార్ చెప్పిండు గని సమజ్ కాలే. జర చెప్పు” అన్నాడు ఒకరోజు.

నాకూ తెలియదు. చూసి చెప్తానని భారతీయ న్యాయ సంహిత డౌన్‌లోడ్ చేసుకున్నాను. ఆ రాత్రి రెండింటిదాకా చదివాను. నెల తిరిగేసరికి దాని పాత రూపమైన ఇండియన్ పీనల్ కోడ్ కూడా పక్కన పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. స్టెంధాల్ తన నవల రాస్తున్న రోజుల్లో పొద్దున్నే రెండు మూడు పేజీలు ఫ్రెంచి సివిల్ కోడ్ చదువుకునేవాడినని బాల్జాక్‌కు రాసుకున్నాడు. అది చదివినప్పుడు గొప్పకు చెప్పుకున్నాడనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. ఇది ఒక పుస్తకం మీద సమీక్షే. కాకపోతే ఆ పుస్తకాన్ని సమీక్షకు ఎవరూ పంపరు.

మొదట దాని రూపం గురించి. పీనల్ కోడ్ ముసాయిదా 1837లో మెకాలే ఆధ్వర్యంలో తయారైంది. 1860లో చట్టమైంది. 1862 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అప్పటికి మెకాలే బతికి లేడు. ఆ పుస్తకంలో నన్ను పట్టేసింది సెక్షన్లు కాదు, వాటి కింద ఉండే ఉదాహరణలు. చాలా నిర్వచనాల కింద రెండు మూడు వాక్యాల బుల్లి కథలు ఉంటాయి. వాటిలో పాత్రలకు పేర్లుండవు. చేసేవాడు ‘ఏ’, పడేవాడు ‘జడ్’. ఇద్దరికీ మధ్యలో అప్పుడప్పుడు ‘బి’ వస్తాడు. ‘ఏ’ ఒక గుంత మీద పుల్లలు, పచ్చిక కప్పుతాడు. ‘ఏ’ పొద వెనకాల ‘జడ్’ ఉన్నాడని తెలిసి, తెలియని ‘బి’ చేత ఆ పొద మీదికి తుపాకి పేల్పిస్తాడు. ‘ఏ’ జేబులో కుక్కలకు పెట్టే తిండి వేసుకుని నడుస్తుంటే ‘జడ్’ కుక్క వెంట పోతుంది. నగల పెట్టె మోస్తున్న ఎద్దు ఎదురైతే దాన్ని తన దారికి తోలతాడు. ఎద్దు అడుగు కదిపిన క్షణం దొంగతనం పూర్తయినట్టే.

మా పనిలో యూనిట్ టెస్టులని ఉంటాయి. ఒక ఫంక్షన్ రాశాక, ఈ ఇన్‌పుట్ ఇస్తే ఈ జవాబు రావాలి, అది ఇస్తే ఆ జవాబు రావాలి అని చిన్న చిన్న పరీక్షలు రాసిపెడతాం. మెకాలే ఉదాహరణలు సరిగ్గా అవే. నిర్వచనం ఎక్కడ తెగిపోతుందో ఆ అంచు మీదే కథ నిలబడుతుంది. నడవడానికి ఒక్క అంగుళం జాగా ఉంటుంది. ‘ఏ’ మనసులో ఏముందన్న ఒక్క మాట మారిస్తే నేరం మాయమవుతుంది, లేదా పుట్టుకొస్తుంది.

తమ్ముడి అయిదు మార్కుల ప్రశ్నకు జవాబు నాకు ఇలాంటి ఒక ఉదాహరణలోనే దొరికింది. గడియారం కథ అది. ‘ఏ’ తన గడియారాన్ని బాగు చెయ్యమని నగల వ్యాపారి ‘జడ్’కు ఇస్తాడు. ‘జడ్’కు బాకీ ఏమీ లేదు. ‘ఏ’ బాజాప్తా దుకాణంలోకి వెళ్లి, ‘జడ్’ చేతిలోంచి గడియారం బలవంతంగా లాక్కుని వెళ్లిపోతాడు. ఇది దొంగతనం కాదు. అక్రమ ప్రవేశం కావచ్చు, దౌర్జన్యం కావచ్చు, కానీ దొంగబుద్ధి లేదు. ఇప్పుడు ఒక్కటి మార్చండి. బాగు చేసిన కూలి బాకీ ఉంది. ఆ బాకీ కోసం ‘జడ్’ గడియారాన్ని న్యాయంగానే అట్టిపెట్టుకున్నాడు. అప్పుడు ‘ఏ’ దాన్ని బాకీ ఎగ్గొట్టాలని పట్టుకుపోతే, తన సొంత గడియారమే అయినా, అది దొంగతనం.

ఎవరికి ఎంత బాకీ అనేది సివిల్. దాన్ని తేల్చేది కోర్టు. గెలిస్తే డబ్బు వస్తుంది, ఎవరూ జైలుకు పోరు. రుజువు కూడా ఎవరి వైపు మొగ్గు ఉందో చూస్తే చాలు. ఎదుటివాడి స్వాధీనంలో ఉన్నదాన్ని దొంగబుద్ధితో తీసుకోవడం క్రిమినల్. అక్కడ ఫిర్యాదుదారు వెనక రాజ్యం నిలబడుతుంది. రుజువు అనుమానానికి తావు లేకుండా ఉండాలి. ఒకే గడియారం, ఒకే దుకాణం, ఒకే ఇద్దరు మనుషులు. రెండూ అందులో ఉండొచ్చు. దొంగతనం సెక్షన్ కాపాడేది యాజమాన్యాన్ని కాదని, స్వాధీనాన్ని అని నాకు అంతకుముందు తెలియదు.

ఇది ఫోన్‌లో చెప్తే వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “అంటే కబ్జా అన్నట్టు” అన్నాడు.

నేను ఆ మాట దగ్గర ఆగిపోయాను. కబ్జా. మన దగ్గర ఈ ఒక్క మాటకు రెండు బతుకులున్నాయి. పాత పహాణీలో పట్టాదారు పేరుకు ఒక గడి, కబ్జాదారు పేరుకు ఇంకో గడి ఉండేవి. భూమి కాగితం ఎవరిది, నాగలి ఎవరిది అని. ఆ కబ్జాలో ఏ తప్పూ లేదు, ఉత్త స్వాధీనం. అదే మాట పేపర్లోకి వచ్చేసరికి నేరం పేరయింది. చెరువు శిఖం కబ్జా, అసైన్డ్ భూమి కబ్జా. తెలంగాణ ఉర్దూ మాటల్లో చాలావాటికి ఈ లక్షణం ఉంది. ఠాణా, ఫిర్యాదు, జమానతు, ముచ్చలిక, గవా, పంచనామా, ఫైసలా. మన చట్టం మాటలన్నీ ఈ భాషలోనే ఉన్నాయి, ఎందుకంటే మనకు మెకాలే చాలా ఆలస్యంగా వచ్చాడు. కోస్తాకు 1862లో వచ్చిన పీనల్ కోడ్, కరీంనగర్‌కు 1951 ఏప్రిల్ 1న వచ్చింది. అంతదాకా నిజాం రాజ్యానికి వేరే శిక్షాస్మృతి, ఉర్దూ కోర్టులు. మా తాత పుట్టినప్పుడు మా ఊరికి వర్తించిన చట్టం వేరు, ఆయన పెళ్లినాటికి వర్తించిన చట్టం వేరు. మాటలు మాత్రం మారలేదు.

2020లో ధరణి వచ్చినప్పుడు ఆ కబ్జాదారు గడి రికార్డుల్లోంచి పోయింది. కాగితం ఒక్కటే మిగిలింది. ఒక పాత్రను కథలోంచి తీసేసినట్టే అది. ఊళ్లో మాత్రం ఆ పాత్ర ఇంకా పొలంలోనే ఉంది.

ఇప్పుడు పుస్తకంలో నాకు కనిపించిన పెద్ద ఖాళీ గురించి చెప్పాలి. దొంగతనం అంటే కదిలే ఆస్తిని కదిలించడం. నిర్వచనంలోనే ఉంది. భూమి కదలదు. అందుకని భూమిని దొంగిలించడం అసాధ్యం. మెకాలే లెక్కలో ఇది తార్కికంగా నిర్దుష్టం. లండన్‌లో కూర్చుని చదివితే మెచ్చుకోవచ్చు కూడా. కానీ మా జిల్లాలో ఎవరినైనా అడగండి, జీవితంలో మీ దగ్గర ఎత్తుకుపోయిన పెద్ద వస్తువు ఏమిటని. సైకిలు, సెల్ ఫోను, మెడలో గొలుసు చెప్పరు. గెట్టు చెప్తారు.

మా నాన్న కూడా అదే చెప్తాడు. 2009లో, నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరంలో ఉండగా, పక్క పొలం ఆయన మా గెట్టు దున్నేశాడు. పన్నెండు గుంటల పట్టె. నాన్న మళ్లీ ఒడ్డు పోసుకుని అందులో నాటు వేశాడు. కోతల ముందు రోజు రాత్రి ఆ పన్నెండు గుంటల వరి కోసుకుపోయారు. నాన్న పొద్దున్నే ఠాణాకు పోయి, మధ్యాహ్నందాకా బల్ల మీద కూర్చున్నాడు. చివరికి ఒకాయన వచ్చి, కాగితం చూడకుండానే, “ఇది సివిల్ మ్యాటరయ్యా, కోర్టుకు పో” అన్నాడు. నాన్న కోర్టుకు పోలేదు. పన్నెండు గుంటల కోసం వకీలును పెట్టుకునే రైతు ఉండడు. ఆ రోజు నుంచి ఆ పట్టెను మా ఇంట్లో ‘సివిల్ మ్యాటర్’ అనే పిలుస్తాం. “సివిల్ మ్యాటర్ల నీళ్లు పారుతున్నయా?” అని అమ్మ అడుగుతుంది, ఇప్పటికీ, నవ్వుతూనే.

పదిహేనేళ్ల తర్వాత నేను అదే దొంగతనం సెక్షన్ కింద మొట్టమొదటి ఉదాహరణ చదివాను. ‘జడ్’ నేల మీద ఉన్న చెట్టును ‘ఏ’ నరుకుతాడు, పట్టుకుపోవాలని. నేలను అంటుకుని ఉన్నంతసేపు చెట్టు కదిలే ఆస్తి కాదు. నరికిన మరుక్షణం అవుతుంది. నరకడమే దొంగతనం.

వరి కూడా అంతే. నాన్న వేసిన నాటు, నాన్న కబ్జాలో ఉన్న మడి. గెట్టు ఎవరిది అన్నది సివిల్ మ్యాటరే. రాత్రి పూట కొడవలి పట్టుకుని వచ్చి కోసుకుపోవడం కాదు. అవతలాయన తన భూమి అని నిజంగానే నమ్మి కోసుకున్నానని వాదించొచ్చు. ఆ వాదన నిలబడితే కేసు పోతుంది. అయితే ఆ వాదన వినాల్సింది కోర్టు, బల్ల దగ్గరి మనిషి కాదు. విచారణార్హమైన నేరం జరిగిందని ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్.ఐ.ఆర్. రాసి తీరాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013 నవంబరు 12న లలితాకుమారి కేసులో చెప్పింది. 2009 నాటికి ఆ తీర్పు లేదు నిజమే. మెకాలే చెట్టు మాత్రం అప్పటికి నూట యాభై ఏళ్లుగా అక్కడే ఉంది. ఆ రాత్రి లాప్‌టాప్ ముందు కూర్చుని నాకు కోపం వచ్చిందని చెప్పలేను. నవలలో హంతకుడు ఎవరో రెండో పేజీలోనే రాసి ఉందని చివర్లో తెలిసినట్టనిపించింది.

‘సివిల్ మ్యాటర్’ అన్న మాటను తిట్టిపోయడం తేలిక. కానీ విమర్శ అన్నాక రెండో వైపు కూడా చూడాలి. ఆ మాట ఒక రక్షణ కూడా. పోలీసులు భూమి తగాదాల్లో దూరి ‘సెటిల్‌మెంట్లు’ చెయ్యకూడదని కోర్టులు మళ్లీ మళ్లీ చెప్పాయి. ఠాణాలో తెల్లకాగితం మీద సంతకం పెట్టించి గుంటలు చేతులు మార్పించిన కథలు మా వైపు ఊరికి రెండు దొరుకుతాయి. ఆ చెయ్యి ఠాణాదే కానక్కర్లేదు. అంతకుముందు అది గడీది. దొర వాకిట్లో పంచాయితీ, దొర చెప్పిందే ఫైసలా, దొర వేసిందే దండుగ. సివిల్, క్రిమినల్ తేడా ఆ వాకిట్లో లేదు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర అన్నప్పుడు, దాని వెనక వెట్టితో పాటు ఈ దండుగలు, దొరల కబ్జాలో ఉన్న సర్కారు భూములు ఉన్నాయి. ప్రభుత్వం ఆ అక్టోబరులోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. భూమి తగాదా రాత్రికి రాత్రి క్రిమినల్ మ్యాటర్ అయింది. గీత అటూ ఇటూ జరగడం చూడండి. ఎవరు ఫిర్యాదు చేస్తున్నారన్నదాన్ని బట్టి జరుగుతుంది. అల్లం రాజయ్య ‘కొలిమంటుకున్నది’ చదివినవాళ్లకు ఈ గీత సంగతి సెక్షన్ల కంటే ముందే తెలుసు.

చట్టం ఈ మధ్యస్థలాన్ని పూర్తిగా వదిలేయలేదని కూడా తమ్ముడి నోట్సు చూశాకే తెలిసింది. భూమి మీద గొడవ ముదిరి కొట్టుకునేదాకా వస్తే, కార్యనిర్వాహక మేజిస్ట్రేటు, అంటే మన దగ్గర మామూలుగా తాసిల్దారు, ఎవరిది అని అడగకుండా ఎవరి కబ్జాలో ఉంది అని మాత్రమే తేల్చవచ్చు. పాత కోడ్‌లో అది 145, ఇప్పటి నాగరిక సురక్షా సంహితలో 164. బైండోవర్ పాతది 107, ఇప్పుడు 126. కబ్జాలోంచి బలవంతంగా వెళ్లగొడితే ఆరు నెలల్లోపు సివిల్ కోర్టుకు పోయి, హక్కు సంగతి పక్కన పెట్టి, ముందు నా కబ్జా నాకిప్పించమని అడగవచ్చు. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం ఆరో సెక్షన్ అది. మా నాన్నతో ఆ మధ్యాహ్నం ఈ మూడింటిలో ఒక్కటి చెప్పినా చాలు. “కోర్టుకు పో” అన్నది తప్పు సలహా కూడా కాదు. సగంలో ఆపేసిన వాక్యం.

ఇక పాత్రచిత్రణ. ‘ఏ’కూ ‘జడ్’కూ కులం లేదు, ఊరు లేదు, భాష లేదు. ఇది ఆ పుస్తకం గొప్పతనమని మొదట అనుకున్నాను. 1837లో, మనుషుల్ని బట్టి శిక్షలు మారే దేశంలో, దొర అయినా ‘ఏ’నే, జీతగాడయినా ‘ఏ’నే అని రాయడం చిన్న సంగతి కాదు. రెండోసారి చదివినప్పుడు ఆడవాళ్లను వెతికాను. దొంగతనం ఉదాహరణల్లో స్త్రీకి సొంత అక్షరం కూడా లేదు. ఆమె ‘జడ్ భార్య’. బిచ్చం వేస్తుంది, లేదంటే ప్రియుడికి మొగుడి సొమ్ము ఇస్తుంది. మూడోసారి చదివినప్పుడు ఇంకొకటి తట్టింది. ‘జడ్’కు ఎప్పుడూ ఠాణాకు పోవడానికి భయం ఉండదు. ‘జడ్’ మాట ఎప్పుడూ నమ్ముతారు. పేర్లు తీసేస్తే అందరూ సమానమవుతారనుకుంటాం. నిజానికి పేర్లు తీసేసినప్పుడు మిగిలేది కొంచెం ఆస్తి, కొంచెం పలుకుబడి ఉన్న మగవాడు.

‘జడ్’కు మొదటిసారి పేరు పెట్టినట్టు నాకనిపించింది 1989 నాటి షెడ్యూల్డ్ కులాలు, తెగల అత్యాచారాల నిరోధక చట్టం. అందులో మూడో సెక్షన్ కింద, ఎస్సీ, ఎస్టీల భూమిని అక్రమంగా ఆక్రమించుకోవడం, సాగు చెయ్యడం, వాళ్లను భూమి నుంచి వెళ్లగొట్టడం నేరాలు. మెకాలే దొంగిలించలేమన్న భూమిని ఈ చట్టం దొంగిలించవచ్చని ఒప్పుకుంది. కాబట్టి దళితుడో గోండో వచ్చి, నా భూమి ఆక్రమించుకున్నారు అన్నప్పుడు “సివిల్ మ్యాటర్” అనేది ఇక సలహా కాదు, పొరపాటు. అదే చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం, తన విధిని కావాలని చెయ్యని అధికారికి కూడా శిక్ష ఉంది. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసి, సంతకానికి ముందు చదివి వినిపించాలన్నది ఆ విధుల్లో మొదటిది. చదివి వినిపించకపోవడం నేరం కాగల పుస్తకం నేను ఇంకెక్కడా చూడలేదు. మేం బీసీలం. నాన్న కేసుకు ఇది వర్తించదు. కానీ తమ్ముడికి ఫోన్‌లో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పింది దీని గురించే. ముందు ‘జడ్’ ఎవరో అడుగు, తర్వాత సివిలా క్రిమినలా చూడు అన్నాను.

వాడికి పోస్టింగ్ ఆదిలాబాద్ వైపు పడే అవకాశం ఉందని అప్పటికే తెలుసు. అక్కడ కబ్జా అనే మాట మూడో అర్థం తీసుకుంటుంది. మైదానంలో కబ్జా హక్కుకు ఒక గుర్తు. ఏజెన్సీలో గిరిజనేతరుడి కబ్జా అనుమానానికి గుర్తు. 1959 నాటి భూబదిలీ నిబంధనలు 1963లో తెలంగాణకు వచ్చాయి. 1970 సవరణతో, జనం ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అని పిలిచే రూపంలో, గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం ముందు అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది గిరిజనేతరుడే. కథ ఎవరు మొదలుపెట్టాలో అన్నదాన్ని ఇంత సూటిగా తిరగేసిన వాక్యం పీనల్ కోడ్ మొత్తంలో లేదు. దాని వెనక 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం చావు ఉంది. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన హైమెండార్ఫ్ గోండుల భూముల గురించి రాసిన నివేదికలు ఉన్నాయి.

దాని ముందు మాత్రం ఇంద్రవెల్లి ఉంది. 1981 ఏప్రిల్ 20, సోమవారం, అంగడి రోజు. భూముల గురించి సభ పెట్టుకోవడానికి వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క 13 మంది. పౌరహక్కుల వాళ్ల లెక్క దానికి ఎన్నో రెట్లు. చట్టవిరుద్ధ సమావేశానికి నిర్వచనం పాత 141, ఇప్పటి 189. ఐదుగురు, లేదా అంతకంటే ఎక్కువ మంది, చట్టం జాబితా వేసిన ఉద్దేశాల్లో ఏదో ఒకదానితో కూడటం. మన భాషలో ఐదుగురు కూడితే పంచాయితీ. అదే అంకె. ఉద్దేశం ఏమిటన్నదే తేడా. ఆ ఉద్దేశాన్ని అవతల నిలబడ్డవాడు చదవాలి. గోండీ రాని మనిషి గోండుల ఉద్దేశాన్ని ఎట్లా చదువుతాడు? శిక్షణలో నేర్పాల్సిన న్యాయశాస్త్రంలో ఇది మొదటి పాఠమని నాకనిపిస్తుంది. తమ్ముడి నోట్సులో ఇంద్రవెల్లి లేదు.

అందుకని వాడికి ఒక కథ పంపించాను. పి.వి. నరసింహారావు ‘గొల్లరామవ్వ’. 1949లో ‘విజయ’ పేరుతో కాకతీయ పత్రికలో వచ్చింది. పి.వి. మన వంగరవాడు, లా చదివినవాడు. నిజాం పోలీసుల్ని చంపిన ఒక పిల్లవాడు రాత్రి పూట ముసలమ్మ గుడిసె తలుపు కొడతాడు. పోలీసులు వెతుక్కుంటూ వస్తారు. ముసలమ్మ వాణ్ని మనవడని బొంకుతుంది, మనవరాలిని వాడి పెళ్లాంగా చూపిస్తుంది. తమ్ముడు చదివి వెంటనే ఫోన్ చేశాడు. “అన్నా, ఇది నేరస్తునికి ఆశ్రయమిచ్చుడు. పాతది 212, ఇప్పుడు 249.” కరెక్టు. కానీ ఆ సెక్షన్ చివర ఒక మినహాయింపు ఉంది. ఆశ్రయమిచ్చింది భార్య గానీ భర్త గానీ అయితే నేరం కాదు. మొత్తం లోకంలో చట్టం క్షమించేది ఆ ఒక్క బంధాన్నే. రామవ్వ, ఒక్క సెక్షనూ తెలియని మనిషి, తన అబద్ధంలో సరిగ్గా ఆ బంధాన్నే పట్టుకుంది. పి.వి. కావాలని అల్లాడని నేననను. చట్టానికీ ముసలమ్మకూ ఒకే విషయం తెలుసు, ఎవరు ఎవరిని విడిచిపెట్టలేరో.

“మరి నేనయితే ఏం చెయ్యాలె, ఆ గుడిసె ముంగట?” అన్నాడు వాడు. కథ మీద నేను విన్న విమర్శల్లో అన్నిటికంటే మంచిది అది. జవాబు చెప్పలేదు. చెప్పడానికి నేను ఏ గుడిసె ముందూ నిలబడలేదు.

ఒక మాట పుస్తకాల గురించి. ఠాణా బల్లకు ఇటువైపు కూర్చునేవాళ్ల కోసం తెలుగులో రాసినవాళ్లు ఉన్నారు. బొజ్జా తారకం ‘పోలీసులు అరెస్టు చేస్తే’ రాశాడు. వేములవాడ నుంచి వచ్చి జడ్జిగా పనిచేసిన మంగారి రాజేందర్, కథల్లో ‘జింబో’, చట్టాన్ని తెలుగులో చెప్పడం ఒక పనిగా పెట్టుకున్నాడు. అటువైపు కూర్చునేవాళ్ల చేతికి వచ్చే తెలుగు మాత్రం ఇంకా తయారు కాలేదు. తమ్ముడి నోట్సులో సగం వాక్యాలకు కర్త ఎవరో తెలియదు. ‘చేయబడవలెను’, ‘తీసుకొనబడును’. ఎవరు చెయ్యాలి? నువ్వే చెయ్యాలి అని చెప్పని భాషలో బాధ్యత ఎట్లా నేర్పుతాం? దానికి తోడు వాడి బ్యాచ్ శిక్షణ మధ్యలో, 2024 జూలై 1న, అంకెలన్నీ మారిపోయాయి. 511 సెక్షన్లు 358 అయ్యాయి. 302 పోయి 103, 420 పోయి 318. ఊళ్లో మోసగాణ్ని ఇంకా ఫోర్ ట్వంటీ అనే అంటారు. ఆ మాట ఇక చట్టంలో లేదు, ఉత్త సాహిత్యంలోకి వచ్చేసింది.

తెలుగునాట నెలజీతం మీద ‘రైటర్’ అని పిలవబడే మనిషి ఉండేది ఒక్క పోలీస్ స్టేషన్‌లోనే. స్టేషన్ రైటర్. వచ్చినవాళ్లు ఏడుస్తూనో, తిట్టుకుంటూనో, మధ్యలోంచి మొదలుపెట్టి ముందుకు వెనక్కు పోతూ చెప్పేదాన్ని ఒక వరుసలో పెట్టి, ‘తమరికి చేసుకొను ఫిర్యాదు ఏమనగా’ అని మొదలుపెట్టి రాయడం అతని పని. ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో అతనికే తెలియాలి. ‘రాత్రి’ అన్న మాట ఉంచితే ఒక కథ, తీసేస్తే ఇంకో కథ. ‘నేను వేసిన నాటు’ అన్న మాట ఉంటే దొంగతనం, లేకపోతే సివిల్ మ్యాటర్. ఆ కాగితాన్ని చెప్పినవాడికి చదివి వినిపించాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. విమర్శకులం మనం వందసార్లు రాసే ‘వివరాల ఎంపిక’ అన్న మాటకు అక్కడ ఒక మనిషి పన్నెండు గుంటలు ఆధారపడి ఉంటాయి.

తమ్ముడు ఇప్పుడు ఒక ఠాణాలో ఉన్నాడు. రైటరుకు సాయం చేస్తున్నాడట, చేతిరాత బాగుంటుందని. పోయిన నెల ఫోన్ చేసి, “అన్నా, ఒక ముసలాయిన వచ్చిండు, గెట్టు పంచాయితి” అన్నాడు. ఏం చేశావన్నాను. “పంట ఎవలు వేసిండ్రు అని అడిగిన. ఇంకా చెప్తుండు. లైన్ల ఉండు” అన్నాడు.

ఫోన్ పెట్టెయ్యకుండా పక్కన పెట్టినట్టున్నాడు. ముసలాయన గొంతు దూరంగా వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు. చాలాసేపు చెప్పాడు. మధ్యలో వాడు ఒక్కసారి, “మెల్లగ చెప్పు తాతా, రాస్తున్న” అన్నాడు.